పెన్సిలు గోరు

ప్రతి శనివారం పొద్దున బాలశౌరి అరుగు మీద కూర్చుని కుడిచేతి బొటనవేలి గోరు కోసుకుంటుంటే వడ్రంగి ఆమోసు వచ్చి పక్కన నిలబడేవాడు.

"ఈసారి కాస్త పొడుగ్గా కొయ్యి శౌరీ. ద్వారబంధాల పని పట్టాను, గీతలెక్కువ."

బాలశౌరి గోరు పెన్సిలు ముల్లు. నల్లగా, నున్నగా, వారం తిరిగేసరికి అంగుళం పెరిగేది. పెద్ద ముక్క ఆమోసు చెవిసందున పెట్టుకుపోయేవాడు. చిన్న ముక్కలు పక్కింటి బుల్లెమ్మ పిల్లలు బడికి పట్టుకెళ్ళేవాళ్ళు. గుణదలలో ఆ వీధివాళ్ళకి అదొక వింతగా తోచలేదు. ఒకరింటి బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, ఒకరింటి గేదె నడివేసవిలోనూ పాలిస్తుంది, శౌరి గోరు రాస్తుంది. "మరీ మెత్తన, ఊరికే అరిగిపోతోంది" అని ఆమోసు అప్పుడప్పుడూ సణిగేవాడు. అంతే.

బాలశౌరి మాజిక్ చేసి బతికేవాడు. పావురాలు ఎగరెయ్యడం, పెట్టెలో మనిషిని కొయ్యడం లాంటివి అతనికి లేవు. ఎదుటివాళ్ళ మనసులో మాట చెప్పడమే అతని విద్య. జనంలోంచి ఒకాయన్ని స్టేజీ మీదికి పిలుస్తాడు. చేతిలో ఉన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో ఏదో రాసినట్టు రాసి, పెన్సిల్‌ని అందరూ చూస్తుండగా బల్లమీద పెట్టేస్తాడు. "ఇప్పుడు ఒక అంకె తలుచుకోండి. పైకి చెప్పండి" అంటాడు. ఆయన చెప్పగానే అట్ట ఇంకొకరి చేతికిచ్చి చదివిస్తాడు. అదే అంకె. హాలంతా చప్పట్లు.

లోగుట్టు ఏమిటంటే, పెన్సిల్‌తో రాసినప్పుడు అతను రాసేది ఏమీ ఉండదు. ఆయన అంకె చెప్పాక, అట్ట వెనక దాక్కున్న బొటనవేలు రాస్తుంది. గోటికి అంటించిన చిన్న పెన్సిలు ముల్లుతో, చూడకుండా, పెదాల మీది నవ్వు చెదరకుండా రాయాలి. ఆ సరంజామాని మాజిక్ వాళ్ళు గిమ్మిక్కు అంటారు. బాలశౌరికి వాటిని వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే రహ్మాన్ చేసిపెట్టేవాడు. వేలికి ఉంగరంలా తొడిగేది గట్టిగా నిలుస్తుంది గానీ దగ్గర్నుంచి చూస్తే దొరికిపోతుంది. గోటి కింద దూర్చేది కనపడదు గానీ రాస్తుంటే కదిలిపోతుంది. మైనంతో అంటించేది ఎండలో జారుతుంది, ఏసీ హాల్లో బిగుసుకుంటుంది. ఏ ఊరు, ఏ కాలం, ముందు వరసలో ఎవరు కూర్చుంటారు, ఇవన్నీ చూసుకుని ఒకటి ఎంచుకోవాలి.

"ఎన్ని చేసినా అంకెలే అడుగుతావేం శౌరీ? ఒక పేరు రాయకూడదూ?" అని రహ్మాన్ ఒకసారి అడిగాడు.

"ఇంగ్లీషువాడి అక్షరాలు పుల్లలయ్యా. నాలుగు గీతలు గీస్తే పేరైపోతుంది. మనవి గుడ్లు. గుడ్లమీద తలకట్లు, కింద వత్తులు. బొటనవేలికి ఎక్కడ తిరుగుతాయి?"

అలాంటివాడికి ఒక ఎండాకాలంలో గోరే పెన్సిలు ముల్లయి మొలిచింది. గిమ్మిక్కుల బెడద తీరిందని తల్లి సంపూర్ణమ్మ కూడా సంతోషించింది. కానీ ఆ గోటికి తన దారి తనకుంది. ఎదుటి మనిషి ఏదో ఒకటి తలుచుకోవడానికి ఒప్పుకుంటే చాలు, అతను పైకి చెప్పినది కాక, అడుగున దాచుకున్నది రాసేది. గుడ్లూ తలకట్లూ వత్తులూ పూసల్లా కుదురుగా పడేవి.

దివిసీమలో ఒక హైస్కూలు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు గారు సన్నజాజి పువ్వు తలుచుకున్నానన్నారు. డ్రిల్లు మాస్టారు అట్ట తీసుకుని చదివాడు: "నాకు చూపు పోతోంది. నల్లబల్ల మీద నేను రాసింది నాకే కనపడటం లేదు." ఎలా రాశావని ఒక్కరూ అడగలేదు. "అయ్యో, ఇంతకాలం చెప్పకపోతే ఎలాగండీ" అంటూ అందరూ ఆయన చుట్టూ మూగారు. ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చారు. పదిమందీ కలిసి ఆయన్ని కంటాసుపత్రికి పంపారు, అది వేరే సంగతి. బాలశౌరిని మాత్రం ఆ తర్వాత పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. జనం అతని మీద కోప్పడలేదు. స్టేజీ ఎక్కితే కడుపులో మాట బయటపడుతుందని జంకారు. ఆఖరికి రహ్మాన్ గోటిమీద బిగించే రేకు తొడుగొకటి చేసి, చర్మం రంగు పూసి, దానికి మామూలు ముల్లు అంటించి ఇచ్చాడు. అది చెప్పింది రాసేది. మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి.

ఎమర్జెన్సీ వచ్చిన రెండో వానాకాలంలో అతని తమ్ముడు జాన్‌బాబుని పట్టుకుపోయారు.

జాన్‌బాబు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. ఎవరో తెచ్చిచ్చిన కరపత్రానికి అక్షరాలు పేర్చాడు. అందులో ఏముందో తెలిసే పేర్చాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి కూర్చుంటే మామూలు బట్టల్లో మనుషులొచ్చి జీపెక్కించారు. క్యారేజీ మాత్రం ఇంటికి చేరింది, అన్నం అన్నంలాగే ఉంది.

బాలశౌరి పోలీసు స్టేషన్లన్నీ తిరిగాడు. అలాంటివాడెవడూ మా దగ్గర లేడన్నారు. కోర్టు గుమాస్తాలు కాగితాలు తిరగేసి ఆ పేరే లేదన్నారు. వకీలు గారు కిటికీ మూసి, "ఈ రోజుల్లో కోర్టులకే చేతులు కట్టేశారయ్యా. కాగితం మీదికెక్కిన మనిషైతే ఏదో తంటాలు పడొచ్చు. కాగితమే లేనివాడికి నేనేం చెయ్యను?" అన్నాడు. జీపు రామకోటేశ్వరరావు అనే పెద్ద పోలీసు అధికారిదని ప్రెస్సులో పనిచేసే ఒకతను చెవిలో చెప్పి, రెండోరోజు ఊరొదిలి వెళ్ళిపోయాడు. బాలశౌరి ఆ అధికారి ఇంటి గేటు దగ్గర వానలో నిలబడ్డాడు, ఎండలో నిలబడ్డాడు. జీపు వస్తూ పోతూ ఉండేది. లోపలి మనిషి ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు.

ఒక స్టేషన్లో రైటర్ ముందు చేతులు జోడించి, "ఒక్క పువ్వు పేరు తలుచుకోండి సార్, మీకు పుణ్యముంటుంది" అన్నాడు. గోరు సంగతి ఆ రైటర్‌కీ తెలుసు. "నా పిల్లల మీద ఒట్టు, నేనేం తలుచుకోను. వెళ్ళు" అని మొహం తిప్పుకున్నాడు. ఒప్పుకోనివాడి దగ్గర గోరు ఉత్త గోరే. బాలశౌరి జేబులో అట్టముక్క తెల్లగానే ఉండిపోయింది.

ఏట్లో శవం తేలిందంటే పరిగెత్తేవాడు. రైలు పట్టాల మీద ఎవరో పడ్డారంటే పరిగెత్తేవాడు. ఆసుపత్రి శవాల గదిలో గుడ్డ తొలగించి చూపిస్తే, తమ్ముడు కానందుకు ముందు ప్రాణం లేచొచ్చేది. బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాక, ఇంకోసారి ఈ గదికి రావాలి గదా అని గుర్తొచ్చేది. ఇంటికెళితే తల్లి గుమ్మంలో ఉండేది. నోరు తెరిచి అడగడం మానేసింది. కొడుకు చెప్పులు విడిచే తీరు చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు కొండమీద మరియమ్మ గుడి నుంచి దిగి వచ్చి, "అబ్బాయ్, నేనేమని వేడుకోవాలిరా? కాపాడమ్మా అననా, వాడి ఆత్మకి శాంతి అననా? ఆ తల్లి ముందు నోట మాట రావడం లేదు" అంది.

అలా ఉండగా ఒక క్లబ్బు సెక్రటరీ వెతుక్కుంటూ వచ్చాడు. ఆఫీసర్లూ వాళ్ళ కుటుంబాలూ సాయంత్రాలు చేరే క్లబ్బు అది. వార్షికోత్సవానికి మద్రాసు నుంచి రావాల్సిన పాటకచేరీ వాళ్ళు ఆఖరి నిమిషంలో రామన్నారట.

"బాలశౌరిగారూ, మీరే మా పరువు నిలబెట్టాలి. కాకపోతే ఒక్క షరతండీ. ఆ గోరు వద్దు. తొడుగు పెట్టుకునే రండి. అందరూ పెద్దవాళ్ళు."

"ఎవరెవరొస్తారండీ?"

"జడ్జిగారొస్తారు, డాక్టర్ ఎలిజబెత్ గారొస్తారు. రామకోటేశ్వరరావు గారు సకుటుంబంగా వస్తున్నారు."

బాలశౌరి బొటనవేలు పిడికిట్లో ముడుచుకున్నాడు. "తొడుగు పెట్టుకునే వస్తానండీ" అన్నాడు.

మర్నాడు రహ్మాన్ కొట్టుకి వెళ్ళాడు. రహ్మాన్ భూతద్దం కంటి మీంచి తీసి, సొరుగులోని గిమ్మిక్కులన్నీ బల్లమీద పరిచాడు. "హాలు పెద్దదా? ముందు వరస ఎంత దూరం? ఏది కావాలి?"

"త్వరగా ఊడేది."

రహ్మాన్ తలెత్తి స్నేహితుడి మొహం చూశాడు. వీధిలోకి చూసి కొట్టు తలుపు సగం దగ్గరికేశాడు.

"శౌరీ, నువ్వు చూడకుండా రాస్తావు. చూడకుండానే ఇంకొకరి చేతికిస్తావు. గోరు ఏం రాసిందో చదివేదాకా నీకే తెలీదు. వాడు లేడని రాస్తే?"

"వింటాను."

"అంతమంది ముందా?"

"రహ్మానూ, ఆ శవాల గదికి ఇంక వెళ్ళలేను. లేడని తెలిస్తే అమ్మ ఏడుస్తుంది. ఇప్పుడు ఏడవడానికి కూడా లేదు ఆవిడకి."

"నిన్ను కూడా పట్టుకుపోతే?"

"పోనీ, వాడున్న చోటుకే తీసుకెళతారేమో."

రహ్మాన్ బిగుతు తొడుగులు పక్కకి నెట్టి, పాతది, కాస్త వదులుది ఒకటి ఏరాడు. లోపల మైనం తీసేసి ఆముదం చుక్క రాసి, తన వేలికి తొడిగి రెండు మూడుసార్లు లాగి చూసుకుని అప్పుడిచ్చాడు.

శనివారం సాయంత్రం హాలు నిండిపోయింది. బయట వాన ముసురు పట్టింది. బాలశౌరి తొడుగుతోనే రెండు మూడు అంకెలు చెప్పించాడు. చప్పట్లు బాగానే పడ్డాయి, సెక్రటరీ మొహం విప్పారింది. అప్పుడతను స్టేజీ అంచుకొచ్చి చేతులు జోడించాడు.

"రామకోటేశ్వరరావు గారిని ఒక్కసారి పైకి రమ్మని ప్రార్థిస్తున్నానండీ."

ఆయన నవ్వి చెయ్యి ఊపేశాడు. పక్కనున్న భార్య, "వెళ్ళండీ, సరదాగా. ఎప్పుడూ ఆ ఉద్యోగమేనా" అని మోచేత్తో పొడిచింది. వెనక వరసల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన లేచాడు. పొడుగాటి మనిషి, దగ్గరికొస్తే అత్తరు వాసన. అన్నాళ్ళు గేటు దగ్గర నిలబడినవాణ్ణి ఎదురుగా చూసినా గుర్తుపట్టలేదు.

"వేలికి తొడుగుందిగా?" అని మాత్రం మెల్లిగా అడిగాడు.

బాలశౌరి చెయ్యెత్తి చూపించాడు. ఉంది.

"మీరు వెళ్ళాలనుకునే చోటు ఒకటి తలుచుకోండి సార్. తలుచుకోవడానికి మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే. కానివ్వు."

బాలశౌరి అట్టమీద పెన్సిల్ ఆడించి, పెన్సిల్‌ని బల్లమీద పెట్టడానికి వంగాడు. ఆ వంగడంలో తొడుగు లాగేశాడు. ఆముదం రాసిన రేకు చప్పుడు కాకుండా జేబులోకి జారింది.

"ఇప్పుడు పైకి చెప్పండి సార్."

"కాశ్మీరు."

అట్ట వెనక గోరు కదిలింది. తన వేలే అయినా తన మాట వినడం లేదు. అతను నవ్వు మొహానికి అతికించుకుని, చర్మంతో అక్షరాలు చదువుకోవాలని చూశాడు. జ తిరిగింది. దీర్ఘం పడింది. న పొల్లు. తర్వాత బ. 'బాబు'కి మొదలా, 'బతికి'కి మొదలా? ఆ తర్వాత గోరు ఎంత వడిగా పరిగెత్తిందంటే ఒక్క అక్షరం కూడా అందలేదు. రాస్తూనే ఉంది. ఇంతసేపా, ఇంతసేపు రాయడానికి ఏముంటుంది అనుకున్నాడు. చెమట కళ్ళలోకి దిగింది. గోరు ఆగింది.

ఎవరి చేతికివ్వాలో ముందే అనుకున్నాడు. ముందు వరసలో డాక్టర్ ఎలిజబెత్ కూర్చుంది. ఆవిడ ఆపరేషన్ గదిలో కేకేస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడతాడని చెప్పుకునేవాళ్ళు.

"డాక్టరమ్మగారూ, గట్టిగా చదవాలండీ."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టింది. "జాన్‌బాబుని తుమ్మలగూడెం కాలవ లాకు బంగళాలో ఉంచాను." అక్కడ ఆగి, అట్టని కాస్త దూరం జరిపి మళ్ళీ చదివింది. గొంతు తగ్గలేదు. "బతికే ఉన్నాడు. కరపత్రం ఎవరిచ్చారో చెప్పడం లేదు. సోమవారం కాలవలో కలిపెయ్యమన్నాను. కాగితాలేమీ లేవు."

వాన చప్పుడు వినిపించింది.

బతికే ఉన్నాడు. ఆ రెండు మాటల తర్వాత వచ్చినవేవీ బాలశౌరి చెవికెక్కలేదు. పడిపోకుండా బల్ల పట్టుకున్నాడు.

"నేను కాశ్మీరు అన్నాను" అన్నాడు రామకోటేశ్వరరావు.

"అనడం కాశ్మీరే అన్నారు" అన్నారు జడ్జిగారు కూర్చున్న చోటు నుంచే. ఆయన మొహంలో రంగు లేదు. గోరు ఎలా రాసిందని గానీ, రాసింది నిజమా అని గానీ ఆ హాల్లో ఎవరూ అడగలేదు. జడ్జిగారు అడిగింది ఒక్కటే. "ఎవరీ జాన్‌బాబు?"

"మా తమ్ముడండీ. ప్రెస్సులో కంపోజిటరు."

అధికారి స్టేజీ దిగి తన కుర్చీ వైపు నడిచాడు. భార్య లేచి నిలబడి ఉంది. ఆయన కూర్చోబోతే ఆవిడ తన చేతిసంచీ తీసుకుని రెండు వరసల వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీ వైపు అందరూ చూస్తున్నారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనే రోజులు కావవి. కానీ ఆ హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఒక మనిషి పేరూ, అతనున్న చోటూ, సోమవారం సంగతీ తెలిసిపోయాయి. తెలిసినవాళ్ళందరినీ కాలవలో కలపడానికి వీల్లేదు.

"లాకు బంగళాయేగా? నాకు దారి తెలుసు" అంది డాక్టర్ ఎలిజబెత్, అట్ట మడిచి చేతిసంచీలో పెట్టుకుంటూ. "రేపు పొద్దున్నే కారు తీస్తాను. కుర్రాడి ఒంట్లో ఎలా ఉందో చూడాలి. రామకోటేశ్వరరావు గారూ, మేమొస్తున్నామని మీవాళ్ళకి చెప్పి ఉంచండి."

ఆయన తల ఊపాడు. ఆ రాత్రి బాలశౌరిని పట్టుకుపోవడానికి ఇంటికి ఎవరూ రాలేదు.

మరియమ్మ గుడిలో ఆదివారం పూజకి గంటలు మోగుతుంటే సంపూర్ణమ్మ అరిటాకులో అన్నం మూటగట్టుకుని కారెక్కింది. కాలవగట్టు మీద బురదలో చక్రాలు దిగబడితే బాలశౌరి దిగి నెట్టాడు. కాలవ ఎర్రగా, నిండుగా, గట్లొరుసుకుంటూ పోతోంది. ఆ నీళ్ళ వైపు చూడకూడదని సంపూర్ణమ్మ దారిపొడవునా ఒళ్ళో మూటనే చూస్తూ కూర్చుంది.

బంగళా వరండాలో జాన్‌బాబు బెంచీమీద కూర్చుని ఉన్నాడు. అప్పుడే స్నానం చేయించినట్టున్నారు, తడి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ఎవరిదో కొత్త చొక్కా తొడిగారు, భుజాలు దాటి వేలాడుతోంది. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళదాకా ఉబ్బిపోయి నల్లగా ఉంది. ఎలిజబెత్ ముందు ఆ చెయ్యి పట్టుకుంది. సంపూర్ణమ్మ కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, చెవులూ, మెడా, తలా తడిమి చూసి, ఏడవకుండా మూట విప్పింది. ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే జాన్‌బాబు నమలడం మర్చిపోయినవాడిలా అన్న వైపు చూశాడు.

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారన్నా?"

"ఆయనే చెప్పాడురా. పైకి కాశ్మీరన్నాడు."

జాన్‌బాబు తల ఊపి ముద్ద మింగాడు.

లోపల్నుంచి హెడ్‌కానిస్టేబులు ఒక కాగితం పట్టుకొచ్చాడు. వాళ్ళ మొహాలు చూడకుండా బెంచీమీద పెట్టాడు. "ఇవ్వాళ అరెస్టు చూపించి రేపు కోర్టులో పెట్టమన్నారండీ. అట్నుంచి జైలుకి. ఇక్కడ సంతకం చెయ్యాలి."

"ఏముందిరా అందులో? చదువు" అంది సంపూర్ణమ్మ.

జాన్‌బాబు చదివాడు. "ఈ రోజు ఉదయం బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నాము. ఒంటిమీద గాయాలు పరిగెత్తి పడినందువల్ల అయినవి."

"అబద్ధమేనా?"

"అబద్ధమేనమ్మా. మొదట్నుంచీ చివరిదాకా."

"నీ పేరు సరిగ్గా రాశారా?"

"రాశారు."

"ఇంటిపేరు?"

"అదీ సరిగ్గానే ఉంది. నాన్న పేరు కూడా రాశారు."

సంపూర్ణమ్మ ఎంగిలి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. కాలవ మీద గాలికి కాగితం లేవబోతుంటే, రెండు అంచులూ అరచేతులతో గట్టిగా అదిమి పట్టింది.

"అయితే సంతకం పెట్టు నాయనా."

కుడిచెయ్యి లేవలేదు. జాన్‌బాబు కలం ఎడమచేత్తో పట్టుకుని, బెంచీమీదికి వంగి, అక్షరాలు దిద్దుకునేవాడిలా ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టాడు.